కాన్పుగదిలో ముక్కాలిపీట

రోగానికి కారణమేమిటో తెలిసినవాళ్ళకు రోగి అంటే భయం ఉండదని ఒక నమ్మకం ఉంది. చదువుకున్నవాళ్ళలో ఇది మరీ గట్టిది. భయం తెలియకపోవడంలోంచి పుడుతుందని, కాబట్టి తెలియజేస్తే పోతుందని దీని సారాంశం.

కొర్వామా ఆసుపత్రి మేట్రన్ జెబ్బే స్వారే దీన్ని నమ్మకమని ఎన్నడూ అనుకోలేదు. తన ఒంటిమీద తానే పరీక్షించి తేల్చుకున్న విషయమనుకుంది. వయసులో ఉండగా ఆమె కుష్టురోగుల వార్డులో పనిచేసింది. మొదటి వారమంతా ముక్కుకు గుడ్డ కట్టుకుని తిరిగింది. ఆ సూక్ష్మజీవి ఎంత బద్ధకస్తురాలో, ఎన్నేళ్ళు అంటిపెట్టుకుని ఉంటే గాని ఒంట్లోకి చేరదో పుస్తకంలో చదివాక గుడ్డ విప్పేసింది. ఆ తరువాత ఆ రోగులతో ఒకే బేసిన్‌లో చెయ్యి పెట్టి అన్నం తింది. నర్సుల బడిలో పాఠాలు చెప్పిన కాలమంతా ఆమె ఇచ్చిన ఉదాహరణ ఇదే. అది విన్న పిల్లల్లో బైందు ఉంది, ఫెమాటా ఉంది, ఇప్పుడు లేనివాళ్ళు చాలామంది ఉన్నారు.

ఎబోలా వచ్చి ఆసుపత్రిని సగానికి సగం ఖాళీ చేసి పోయింది. కాన్పుగదిలో పనిచేసినవాళ్ళలో ఇద్దరే మిగిలారు. ఫెమాటాకు జబ్బు రాలేదు. బైందుకు వచ్చి తగ్గింది. జ్వరంతో వచ్చిన ఒక గర్భిణికి కాన్పు చేస్తూ ఆమె దాన్ని అంటించుకుంది. "మలేరియాయే అయ్యుంటుందిలే, వెళ్ళు" అని ఆ గదిలోకి పంపింది జెబ్బేయే.

ఎబోలా వెళ్ళిపోయిందని రేడియోలో చెప్పారు. ఊళ్ళో డోళ్ళు మోగాయి. బైందు రక్తాన్ని పరీక్షించి, మళ్ళీ పరీక్షించి, ఏమీ లేదని పెద్ద ఆసుపత్రివాళ్ళు రాసి పంపారు. ఆమె తెల్ల యూనిఫారం ఉతికి ఇస్త్రీ చేసుకుని పనిలోకి వచ్చింది. ఆమె రాకపోతే ఆ గది తెరవడానికే వీల్లేదు. ఫెమాటా పక్కన నిలబడి సాయం చేసే నర్సు. అడ్డం తిరిగిన బిడ్డను లోపలే తిప్పి బయటికి తీయగల చెయ్యి ఆ జిల్లా తూర్పుభాగంలో బైందుది ఒక్కటే. మరో ఆసుపత్రి మోవా నదికి అవతల ఉంది. వానాకాలంలో పడవ నడవని రోజులే ఎక్కువ.

ఆమె వచ్చిన వారంలోనే కాన్పుగదిలో ఒక ముక్కాలిపీట వెలిసింది. ఎవరు తెచ్చారంటే ఎవరూ చెప్పలేదు. బైందు మంచం దగ్గర ఉండేది. ఫెమాటా గోడవైపు ఉండేది. నడుమ పీట. బైందు కత్తెర అడిగితే ఫెమాటా దాన్ని పీట మీద పెట్టి ఒక అడుగు వెనక్కి వేసేది. బైందు వంగి తీసుకునేది. పని అయ్యాక కత్తెర మళ్ళీ పీట మీదికే వచ్చేది. ఫెమాటా దాని మీద క్లోరిన్ నీళ్ళు పోసి అప్పుడు ముట్టుకునేది. బిడ్డలు కూడా గుడ్డలో చుట్టుకుని ఆ పీట మీదుగానే ఈ లోకంలోకి వచ్చారు. ఇలా చెయ్యాలని ఎవరూ ఆజ్ఞ ఇవ్వలేదు. వద్దని కూడా అనలేదు. పని మాత్రం సాగుతూ ఉంది.

జెబ్బేకు అది కంట్లో నలుసైంది. అందుకే రాజధానికి కబురు పెట్టి, ఒక మంగళవారం నాడు శిక్షణ ఏర్పాటు చేయించింది.

వచ్చినవాళ్ళు ఇద్దరు. బొమ్మల కాగితాలు గోడలకు అంటించారు. జబ్బు తగ్గినవాళ్ళ చెమటతో అంటుతుందా, వాళ్ళు తాగిన కప్పుతో అంటుతుందా, కరచాలనంతో అంటుతుందా అని ప్రశ్నలు వేశారు. అంటదు, అంటదు, అంటదు అని హాలంతా ఒక్క గొంతుతో చెప్పింది. రాతపరీక్షలో తప్పు రాసినవాళ్ళు ఒక్కరూ లేరు. ఫెమాటా అయితే ఎందుకు అంటదో కూడా మూడు వాక్యాల్లో రాసి మెప్పు పొందింది. చివర అందరూ కుడిచేయి ఎత్తి, బతికి వచ్చిన తోటి ఉద్యోగుల్ని సమానంగా చూస్తామని ప్రమాణం చేశారు. తలా ఒక పసుపుపచ్చ చొక్కా పంచారు. దాని మీద చేతులు కలుపుకున్న బొమ్మ ఉంది.

అతిథులు కారెక్కి వెళ్ళాక మధ్యాహ్నం భోజనం. జబ్బు రోజుల్లో ఎవరి పళ్ళెం వాళ్ళది అయిపోయింది గాని, అంతకు ముందు ఆ ఆసుపత్రిలో అందరూ ఒకే పళ్ళెం చుట్టూ కూర్చుని తినేవాళ్ళు. ఆ పెద్ద పింగాణీ పళ్ళేన్ని అటక మీంచి దింపించి తోమించింది జెబ్బే. వంటమనిషి న్యాండా దాన్ని రెండు చేతులా మోసుకొచ్చి వరండాలో దించింది. అన్నం మీద కర్రపెండలం ఆకుకూర, చుట్టూ ఎర్రగా పామాయిలు, నడిమధ్య పొగబెట్టిన చేప.

"రండమ్మా, రండయ్యా! చల్లారితే చేప నీచు కొడుతుంది. తర్వాత నన్ను తిడతారు."

బైందు వచ్చి కూర్చుంది. జెబ్బే ఆమె పక్కనే కూర్చుంది. మిగిలినవాళ్ళు కొత్త చొక్కాల్లో వరండా స్తంభాల దగ్గర నిలబడిపోయారు.

"నాకొద్దత్తా," అన్నాడు ల్యాబ్‌లో పనిచేసే వాండీ. "ఇవాళ ఉపవాసం."

"మంగళవారం ఉపవాసమా? నీ దేవుడు కొత్తగా ఉద్యోగంలో చేరాడా ఏంటి? మరి పొద్దున నా వంటింట్లో వేయించిన అరటికాయ ముక్కలు నమిలిందెవరు?"

"అవి తిన్నాక మొక్కుకున్నా."

"మంచి మొక్కే. నువ్వేమ్మా ఫెమాటా? నీకూ మొక్కేనా?"

"కడుపులో తిప్పుతోందత్తా."

"అబ్బో! అందరి కడుపులూ ఒకేసారి తిరుగుతున్నాయి. సంతలో బియ్యం మిల్లు కూడా ఇంత బాగా తిరగదే!"

"వదిలెయ్ అత్తా," అంది బైందు. ఆమె నవ్వుతూనే ఉంది. "పాపం పొద్దుట్నుంచీ చేతులు పైకెత్తి పైకెత్తి అలిసిపోయారు. కిందికి దించాలంటే నొప్పి పుడుతుంది కదా. నువ్వు కూర్చో."

"నేను... నాకు పొయ్యి మీద నీళ్ళున్నాయి," అంది న్యాండా. నడుముకు చుట్టుకున్న గుడ్డ సర్దుకుంటూ లోపలికి పోయింది.

పెద్దవాళ్ళు చేప విరిచి పంచాలన్నది అక్కడి మర్యాద. జెబ్బే చేపను విరిచి, తల భాగం బైందు వైపు జరిపింది. ఇద్దరూ తిన్నారు. జెబ్బే ముద్దలు నిదానంగా, అందరికీ కనిపించేలా తింది. ఉదయం లేచినప్పటి నుంచీ ఆమె దీనికి సిద్ధపడే ఉంది. పళ్ళెంలో ముప్పాతిక భాగం మిగిలింది. బైందు దాన్ని పెరట్లో కోళ్ళకు పోసి వచ్చింది.

"సమానత్వం కోళ్ళకు బాగా నచ్చిందమ్మా," అంది చెయ్యి కడుక్కుంటూ. తరువాత నవ్వు ఆపేసింది. "శనివారం లారీకి వెళ్ళిపోతాను."

"ఎక్కడికి?"

"బో పట్నం. మా పిన్ని సంతలో ఎండుచేపలు అమ్ముతుంది. అక్కడ నేనెవరో ఎవరికీ తెలీదు. నా చేతిలోంచి చేప తీసుకోడానికి ఎవరూ పీట అడగరు."

"ఇంత పనితనం చేతిలో పెట్టుకుని చేపలమ్ముతావా? బుద్ధుందా నీకు?"

"పనితనం ఈ చేతిలోనే ఉందమ్మా. ఈ చెయ్యే కదా ఎవరికీ అక్కర్లేంది."

"నీకు తెలుసుగా, నువ్వు పోతే ఆ గది మూతపడుతుంది. ఈ వానల్లో ఏటికి అవతల ఏ తల్లి వెళ్తుంది? ఒడ్డునే కంటారు. ఒడ్డునే పోతారు."

"తెలుసు. అందుకే ఇన్నాళ్ళున్నాను." బైందు తడిచేతుల్ని ఒళ్ళో పెట్టుకుంది. "జబ్బు తగ్గి బయటికొచ్చాక నన్ను ఎవరు ముట్టుకున్నారో తెలుసామ్మా? నొప్పులు పడేవాళ్ళు. వాళ్ళకి తెలీదు కాబట్టి నా చెయ్యి పట్టుకుంటారు. గోళ్ళు దిగేలా పట్టుకుంటారు. ఆ గుర్తులు రెండు రోజులుంటాయి. నేను వాటిని చూసుకుంటూ ఉంటాను. బిడ్డ పుట్టాక, వాళ్ళకీ ఎవరో ఒకరు చెప్తారు. అప్పుడు వాళ్ళు కూడా చెయ్యి తీసేసుకుంటారు."

బైందు ఆ చేతుల వంక ఒకసారి చూసుకుని తలెత్తింది.

"శనివారం లోపల ఆ గదిలో నా పక్కన నిలబడేవాళ్ళు ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, నా చేతిలోంచి ఏదైనా తిన్నగా అందుకుంటే ఉండిపోతాను. దూదుండైనా సరే."

"నేను అందుకుంటానే!"

"మీరు వరండాలో తింటారమ్మా. ఆ గదిలోకి రారు కదా."

"వస్తాను. రేపట్నుంచి నేనే వస్తాను."

మర్నాడు జెబ్బే ముందుగా ఫెమాటాను తన గదికి పిలిపించింది. తలుపు వేసి, మొదటి నుంచి మొదలుపెట్టి సూక్ష్మజీవి సంగతంతా వివరించింది. ఫెమాటా చేతులు కట్టుకుని ఆఖరుదాకా విని, "అంతా తెలుసమ్మా," అంది. "మీరు అడగండి, నేను చెప్తాను. ఆవిడ ఒంట్లో ఇప్పుడది లేదు. ఆవిడ చెమటలో లేదు, చేతిలో లేదు. కాగితం మీద పెన్ను పెడితే అంతా వస్తుంది. ఆ గదిలోకెళ్ళి ఆవిడ చెయ్యి చాపేసరికి నా చెయ్యి నా మాట వినదు."

"నీ చెయ్యి నీది కాదా? ఎవరిది?"

"మా అక్క శవాన్ని సంచిలో వేసి జిప్పు లాగింది ఈ చేత్తోనే. బహుశా దానికి అది గుర్తుందేమో. నాకు ఇద్దరు పిల్లలమ్మా."

"పిల్లలకి ఏమీ కాదు."

"కాదని నాకూ తెలుసు." ఫెమాటా కళ్ళు తుడుచుకుంది. "పీట ఉంది కదమ్మా. దానివల్ల ఎవరికేం నష్టం? బిడ్డలు పుడుతూనే ఉన్నారు కదా!"

జెబ్బేకు ఆ ఒక్క మాట పట్టుకుంది. అలవాటు భయాన్ని పోషిస్తోందని, ఆధారం తీసేస్తే చెయ్యి తనంతట తానే నేర్చుకుంటుందని ఆమె తర్కించింది. చిన్నపిల్లలకు నడక నేర్పేటప్పుడు గోడ నుంచి దూరంగా నిలబెట్టినట్టే. గురువారం ఉదయం ఆమె స్వయంగా కాన్పుగదిలోకి వెళ్ళి ముక్కాలిపీటను చంకన పెట్టుకుని బయటికి నడిచింది.

బైందు ఎదురొచ్చింది. "ఎక్కడికమ్మా అది?"

"వంటింటికి. న్యాండా కూర్చుని ఆకు తరుక్కుంటుంది. ఇవాళ్టి నుంచి చేతిలోంచి చేతిలోకే."

"ఉండనివ్వండమ్మా."

"అదేంటే! దాని మీద కదా నీ ఏడుపంతా?"

"నా ఏడుపు పీట మీద కాదు." బైందు దారికి అడ్డంగా నిలబడింది. "అది లేకపోతే ఫెమాటా ఏం చేస్తుందో మీకు తెలీదు. నాకూ తెలీదు. అదున్నంత సేపూ ఏది ఎక్కడుంటుందో ఇద్దరికీ తెలుసు. పని ఆగదు. వాళ్ళ మనసు మారాక తియ్యండి దాన్ని. ముందే తియ్యకండి."

"అది పోతేనే మనసు మారుతుంది. నువ్వు జరుగు."

బైందు జరిగింది. బుధవారంలాగే ఆ రోజు కూడా కాన్పులేవీ రాలేదు.

శుక్రవారం మధ్యాహ్నం కుండపోతగా కురుస్తుండగా తెన్నే అనే ఆవిడను కర్రకు కట్టిన ఉయ్యాలమంచంలో వేసుకుని నలుగురు మగవాళ్ళు బురదలో మోసుకొచ్చారు. అడవి అంచు పల్లె నుంచి వచ్చారు. నొప్పులు మొదలై రెండు రాత్రులైంది. బిడ్డ అడ్డం తిరిగి ఉంది. తెన్నేకు కేకలు వేసే ఓపిక కూడా అయిపోయింది. ఆపరేషన్లు చేసే అధికారి జిల్లా కేంద్రానికి వెళ్ళి, వంతెన మునగడంతో అక్కడే చిక్కుకుపోయాడు.

గదిలో ముగ్గురే ఉన్నారు. బైందు మంచం దగ్గర, ఫెమాటా గోడ దగ్గర. ఎప్పుడూ పీట ఉండే చోట జెబ్బే నిలబడింది. ఆమె ప్లాస్టిక్ కోటు వేసుకుంది. రెండు చేతులకూ ఒకదాని మీద ఒకటిగా రెండేసి గ్లౌజులు తొడుక్కుంది.

బైందు పని మొదలుపెట్టింది. ఆమె కళ్ళు రేకుల కప్పు మీద ఉన్నాయి. చూపంతా చేతివేళ్ళలో ఉంది. "అమ్మా తెన్నే, ఊపిరి వదులు. నన్ను తిట్టు, పర్లేదు. మీ ఆయన్ని తిట్టు, ఇంకా మంచిది." తెన్నే ఆమె మోచేతిని పట్టుకుంది. గోళ్ళు దిగాయి. బిడ్డ లోపల మెల్లగా, చాలా మెల్లగా తిరిగింది. కాళ్ళు దొరికాయి. "వచ్చేస్తున్నాడు. ఫెమాటా, రక్తం ఆగే ఇంజెక్షన్ సీసా ఇలా ఇవ్వు."

ఫెమాటా సీసా తీసింది. రెండడుగులు ముందుకు వేసింది. బైందు ఎడమచెయ్యి చాపింది. ఫెమాటా చెయ్యి దాని దాకా రాలేదు. అలవాటైన చోటు కోసం వెతికింది. అక్కడ మేట్రన్ నిలబడి ఉంది. సీసాను మంచం అంచున పెట్టి వెనక్కి తగ్గింది. అంచు వాలుగా ఉంది. సీసా దొర్లింది. కింద పడబోతుంటే బైందు పట్టుకుంది. పట్టులో దాని మెడ విరిగి, గ్లౌజుకు పైన, మణికట్టు దగ్గర గాజు చీరుకుంది.

"మరొకటి తియ్యండి!" అంది బైందు. తన చేతి వంక చూసుకోలేదు.

జెబ్బే రెండో సీసా విరిచి, మందు సూదిలోకి లాగి, తెన్నే తొడకు తానే పొడిచింది. ఆ పని ఆమె చేతులు తడబడకుండా చేశాయి. ఆ వెంటనే బిడ్డ బయటికి వచ్చాడు. బిడ్డ వెనకాలే రక్తం వచ్చింది. అది కారడం కాదు, కుండ ఒంపినట్టు వచ్చింది.

బొడ్డుకు రెండు చోట్ల ముడి బిగించి బైందు కత్తిరించింది. బిడ్డ నీలంగా ఉన్నాడు. ఏడుపు లేదు, కదలిక లేదు. గుండె మాత్రం కొట్టుకుంటోంది. అలాంటి బిడ్డకు ఆ క్షణాన కావలసింది గాలి ఒక్కటే. ముక్కు, నోరు తుడిచి, మాస్కు పెట్టి, గాలి సంచిని నొక్కాలి. మాస్కు కిటికీ కింద బల్ల మీద సిద్ధంగా ఉంది. తల్లికి కావలసింది వేరు. ఒక పిడికిలి లోపల నుంచి, ఒక అరచెయ్యి పొట్ట మీది నుంచి, గర్భసంచిని రెండింటి మధ్యా బిగించి పట్టాలి. దానికి రెండు చేతులూ కావాలి. బైందు కుడి పిడికిలి అప్పటికే లోపలికి వెళ్ళింది. ఎడమ ముంజేతి మీద బిడ్డ ఉన్నాడు.

ఆమె ఆ చేతిని జెబ్బే వైపు చాపింది. చీరుకున్న మణికట్టు నుంచి ఆమె రక్తం సన్నటి ధారగా మోచేతి దాకా వచ్చి, బిడ్డకు చుట్టిన గుడ్డ అంచుకు అంటుతోంది.

"అమ్మా, పట్టుకోండి!"

జెబ్బేకు అన్నీ తెలుసు. ఆ రక్తాన్ని పరీక్షించారని, అందులో ఏమీ లేదని తెలుసు. తన చేతుల మీద రెండు పొరల రబ్బరు ఉందని తెలుసు. బిడ్డకు గాలి అందకపోతే ఏమవుతుందో తెలుసు. ఆ వరుసలో ఒక్క విషయం కూడా ఆమె మరిచిపోలేదు.

ఆమె చేతులు లేచాయి. నడుము దాకా లేచి అక్కడ ఆగాయి. ఆమె కళ్ళు ఆ ఎర్రటి ధారను దాటి కిందికి దిగి, నేల మీద దేనికోసమో వెతికాయి.

"అక్కడ పెట్టు," అంది జెబ్బే.

ఆమె చూపించిన చోట సిమెంటు నేల ఉంది.

"ఎక్కడమ్మా?" అంది బైందు. ఆ గొంతులో కోపం లేదు. అడగవలసిన ప్రశ్న అడిగినట్టే అడిగింది. "ఫెమాటా! నువ్వు రావే! ఎవరైనా రండే!"

ఫెమాటా గోడకు అతుక్కుపోయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఉంది. జెబ్బే చేతులు ఉన్నచోటే ఉన్నాయి. అలా ఎంతసేపు నిలబడిందో ఆమెకు తరువాత ఎంత లెక్కవేసినా తేలలేదు. మనిషి ఊపిరి బిగబట్టి ఉండగలిగినంత సేపు అయి ఉంటుంది.

ఇక బైందు మంచం చివరికి వంగింది. బిడ్డను తల్లి కాళ్ళ దగ్గర తడిసిన దుప్పటి మీద పడుకోబెట్టడానికి ఒళ్ళంతా సాచింది. ఆ వంగడంలో కుడి పిడికిలి జారింది. రక్తం మళ్ళీ కుమ్మరించింది. ఆమె బిడ్డను వదిలి తల్లి మీదికి వాలి, రెండు చేతులతో నొక్కి పట్టింది.

దుప్పటి మీద ఉన్న బిడ్డను జెబ్బే తక్షణం ఎత్తుకుంది. బల్ల దగ్గరికి పరుగెత్తింది. ముక్కు తుడిచింది. మాస్కు సరిగ్గా ఆనించింది. సంచిని నొక్కింది, వదిలింది. చిన్న ఛాతీ లేచింది, పడింది. ఇప్పుడు ఆమె చేతుల్లో వణుకు లేదు, తప్పు లేదు. నర్సుల బడిలో బొమ్మ మీద చేసి చూపించినట్టే చేసింది. గుండె చప్పుడు కోసం వేళ్ళు పెట్టి చూసింది. మళ్ళీ నొక్కింది. "రారా నాయనా, రా. ఒక్కసారి ఏడువు. ఒక్కసారి ఏడిస్తే చాలురా." నొక్కుతూనే ఉంది. వెనక బైందు గొంతు వినిపించింది: "ఆగుతోంది. తెన్నే, కళ్ళు తెరువు. నన్ను చూడు. ఆగుతోందమ్మా, రక్తం ఆగుతోంది."

జెబ్బే నొక్కుతూనే ఉంది. కిటికీ అవతల వాన తగ్గింది. చూరు నుంచి చుక్కలు పడటం మొదలైంది. ఎప్పుడో ఫెమాటా వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేసి, "ఇక చాలమ్మా," అంది.

అరనిమిషం ముందు అందుకుని ఉంటే ఆ బిడ్డ బతికేవాడా అన్నది ఎవరూ రుజువు చెయ్యలేరు. రెండు రాత్రులు అడ్డం తిరిగి ఉన్న బిడ్డ. జెబ్బే ఈ వాదాన్ని తనకు తాను ఒకసారి చెప్పుకుంది. రెండోసారి చెప్పుకోలేకపోయింది.

సాయంత్రం వరండాలో బైందు తన మణికట్టుకు తానే కట్టు కట్టుకుంటోంది. గుడ్డ ఒక కొసను పళ్ళతో పట్టుకుని, మరో కొసను కుడిచేత్తో లాగుతోంది.

"నేను కడతానుండు," అంది జెబ్బే.

"అయిపోయిందమ్మా."

జెబ్బే మెట్టు మీద కూలబడింది. "నీ రక్తంలో ఏమీ లేదని నాకు తెలుసు బైందూ. మీ అందరికీ చెప్పింది నేనే."

"మీకు తెలుసని నాకూ తెలుసు. ఫెమాటాకూ తెలుసు."

"మంగళవారం నీతో ఒకే పళ్ళెంలో తిన్నాను."

"తిన్నారు. పొద్దుట్నుంచీ అనుకుని అనుకుని తిన్నారు. ఇవాళ అనుకోడానికి టైం దొరకలేదు." బైందు ముడి బిగించింది. "మిమ్మల్నేం అనడం లేదమ్మా. లోపలికెళ్ళి తెన్నే దగ్గర కూర్చోండి. ఇంకా బిడ్డను అడుగుతోంది. నేను చెప్తే, తర్వాత నేనెవరో తెలిసినప్పుడు నావల్లే పోయాడనుకుంటుంది."

"ఇంకొక్క నెల ఉండు. నీ కాళ్ళు పట్టుకుంటాను."

"ఎలా పట్టుకుంటారమ్మా?" అంది బైందు.

జెబ్బే లోపలికి వెళ్ళి తెన్నేకు చెప్పింది.

శనివారం లారీ ఆలస్యంగా వచ్చింది. టైర్ల నిండా ఎర్రమట్టి. డ్రైవరు హారన్ మోగిస్తూ, "ఎక్కమ్మా ఎక్కు, మళ్ళీ వానొచ్చేలా ఉంది!" అని అరుస్తున్నాడు. బైందు రేకుపెట్టె భుజాన పెట్టుకుని వరండా దగ్గరికి వచ్చింది. కాన్పుగది తాళంచెవి ఆమె దగ్గరే ఉంటుంది. జెబ్బే చెయ్యి చాపింది. చేతికి గ్లౌజు లేదు. అరచెయ్యి పైకి తెరిచి, పూర్తిగా చాచి, ఆమె ముందు పట్టుకుంది.

బైందు ఆ చేతిని చూసింది. తాళంచెవిని వరండా గోడ మీద పెట్టి, ఒక అడుగు వెనక్కి వేసి నిలబడింది.

జెబ్బే దాన్ని గోడ మీంచి తీసుకుంది.

లారీ వెళ్ళిపోయింది. తెన్నే బతికింది. మరుసటి వారం ఆమెను ఉయ్యాలమంచంలోనే ఇంటికి మోసుకుపోయారు. బిడ్డను ఆసుపత్రి వెనక అరటితోటలో పాతిపెట్టారు. పేరు పెట్టలేదు. ఫెమాటాను జ్వరాల వార్డుకు మార్చారు. సోమవారం నుంచి కొర్వామా ఆసుపత్రిలో కాన్పులు తీసుకోవడం లేదు. వచ్చినవాళ్ళను మోవా నది అవతలికి పంపుతున్నారు. ముక్కాలిపీట వంటింట్లో ఉంది.